అరపేజీ టీచరు దాచిన ముక్క

మా బడిలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. పిల్లలు, ఆయాలు, బస్సు డ్రైవరు, చివరికి మా పెద్దమేడమ్ కూడా ఆవిడ ఎదురుగా లేనప్పుడు 'అరపేజీ టీచరు' అనే అంటారు. ఇరవై ఏళ్ళకి పైగా ఐదో తరగతి పిల్లలకి చదవడం నేర్పిస్తోంది. ఇన్నేళ్ళలో తనంతట తానుగా వాళ్ళ చేతిలో పెట్టిన పాఠం ఒక్కటి కూడా అరపేజీ దాటలేదు.

నేను లెక్కల మాష్టారిని. ఆవిడ గదికీ నా గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క అడ్డం. ఒకప్పుడు అదంతా ఒకటే హాలు. పిల్లలు పెరిగారని మధ్యలో చెక్కలు కొట్టి రెండు గదులు చేశారు. ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది. పదకొండేళ్ళు ఆ చెక్క పక్కన బతికాను కాబట్టి, ఆవిడ గురించి నాకు తెలిసినంత ఆవిడ మొగుడికి కూడా తెలియదని నేనంటే, ఆయన కాదనకుండా నవ్వేవాడు.

ఆయనది బడి ఎదురుగానే జిరాక్సు షాపు. పెళ్ళికి ముందు ఈవిడ రోజూ సాయంత్రం ఓ కాగితం పట్టుకుని కాపీలకి వెళ్ళేదట. పూర్తి కాగితం దండగని, ఒకే విషయాన్ని పైనా కిందా రెండుసార్లు రాసి, కాపీలు తీయించి, మధ్యకి కత్తిరించేది. అలా పుట్టింది అరపేజీ. రోజూ వచ్చే మనిషి నాలుగు రోజులు రాకపోయేసరికి, ఆయనే బడి గేటు దాకా వచ్చి 'ఒంట్లో బాగాలేదా' అని అడిగాడట. ఆ తర్వాత ఆర్నెల్లకి పెళ్ళి. 'మిషను పాడైపోతే నా సంసారం ఏమయ్యేదో' అని ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

ఆవిడ తండ్రి దర్జీ. ఆయనకి చదువు అంతంతమాత్రం. కొలతలు రాసిన చీటీ మాత్రం వేలు పెట్టి, ఒక్కో అంకె మీదా ఆగి చదివేవాడు. ఆ తర్వాతే కత్తెర పట్టుకునేవాడు. కోసిన బట్ట మళ్ళీ అతకదు కదా. అంత చిన్న చీటీకి అంతసేపా అని గిరాకీలు విసుక్కున్నా ఆయన కదిలేవాడు కాదట. దారం ఉండలు పెట్టుకునే ఆయన రేకు డబ్బా ఒకటి కూతురి దగ్గర మిగిలింది. అది ఎప్పుడూ ఆవిడ టేబుల్ మీదే ఉండేది.

ఆ డబ్బాలో ఉండేవి దారాలు కావు. ఆవిడ ప్రతి అరపేజీకీ ఆఖరి వాక్యం పైన కత్తెర వేసి, ఆ సన్నటి ముక్కని డబ్బాలో దాచేది. పిల్లలు మిగతాది చదివి, వాదించుకుని, అలిసిపోయాక అప్పుడు మూత తీసి ఆ ముక్క చదివి వినిపించేది. గదిలో ఆవిడ పెట్టిన నియమం ఒకటే. ఎవరేం చెప్పాలన్నా కాగితంలో ఏ మాట చూసి చెప్తున్నారో దాని మీద వేలు పెట్టి చెప్పాలి. ఊరికే 'నాకలా అనిపించింది' అంటే కుదరదు. 'వేలెక్కడ?' అని అడిగేది. రోజుకి పాతికసార్లు చెక్క అవతలి నుంచి ఆ మాట వినేవాణ్ణి. మొదటి ఏడాది కలలోకి కూడా వచ్చింది.

కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. ఉదాహరణకి ఒకరోజు ఇచ్చిన పాఠం ఇది. ఒకాయన రోజూ బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుంటాడు. ఒకరోజు ఆ సీట్లో ఓ ముసలావిడ కూర్చుని ఉంది. బస్సు దాదాపు ఖాళీ. ఆయన వేరే సీట్లో కూర్చోకుండా ఆవిడ పక్కనే నిలబడి పది స్టాపులు వెళ్ళాడు. ఇంతే పాఠం. ఆయన ఎందుకు నిలబడ్డాడో చెప్పాలి. కోపమని కొందరు, మొహమాటమని కొందరు, ఆవిడ తెలిసినావిడేమో అని ఇంకొందరు. నలభై నిమిషాలు రచ్చ. పక్క గదిలో నేను భాగహారం చెప్తున్నాను, నా పిల్లలందరి చెవులూ అటే. తీరా గంట కొట్టే ముందు ఆవిడ డబ్బా మూత తీసి చదివింది. 'ముసలావిడ దిగిపోయాక కూడా ఆయన ఆ సీట్లో కూర్చోలేదు.' దాంతో రచ్చ రెట్టింపయింది.

ఆ మధ్యాహ్నమే స్టాఫ్ రూములో పట్టుకున్నాను.

"ఇంతకీ ఆయన ఎందుకు నిలబడ్డాడండీ?"

"నాకేం తెలుసు మాష్టారూ" అంది, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

"రాసింది మీరేగా."

"రాశాను. ఎందుకని మాత్రం రాయలేదుగా."

జవాబు లేని పాఠం పాఠమెలా అవుతుందని పెద్దమేడమ్‌కి రెండుసార్లు ఫిర్యాదు చేశాను. గోల ఎక్కువగా ఉందని మూడోసారి. పెద్దమేడమ్ ఆవిడని పిలిచి మెల్లగా మాట్లాడించమంది. ఆవిడ సరేనంది. మర్నాడు పిల్లలందరూ గుసగుసలాడుతూ వాదించుకున్నారు. అది అరుపులకన్నా అన్యాయంగా ఉంది, ఏమంటున్నారో వినపడక నా క్లాసు మొత్తం చెక్కకి చెవులానించింది. ఇంక ఫిర్యాదులు మానేశాను.

నేను చెప్పబోయేది ఆవిడకి ఐదో తరగతి చేజారబోయిన ఏడాది సంగతి. ఆ ఏడు క్లాసులో ఇద్దరు మొనగాళ్ళు ఉండేవాళ్ళు. ఒకడు ఎవరేమన్నా 'కాదు' అనే మొదలుపెట్టేవాడు. వాడికి కాదుగాడని పేరు పడింది. ఇంకొకతె తొంభై ఏళ్ళ మనిషిలా చేతులు కట్టుకుని, తలాడిస్తూ, నిదానంగా మాట్లాడేది. ఆ పిల్లని అందరూ తాతమ్మ అనేవాళ్ళు. లెక్కల పీరియడ్‌కి ఐదో తరగతి నా గదికే వచ్చేది కాబట్టి వీళ్ళిద్దరూ నాకూ వాటా వచ్చారు.

ఆ ఏడు ఒకరోజు నేను రైలు లెక్క ఇచ్చాను. రైలు గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి రెండో స్టేషను చేరింది, రెండు స్టేషన్ల మధ్య దూరం ఎంత అని. పుస్తకం చూసి చేయమన్నాను. తాతమ్మ లెక్క మీద వేలు పెట్టి కూర్చుంది, ఎంతకీ పెన్సిలు కదపదు.

"ఏమ్మా, ఏమైంది?"

"రైలు ఎన్నింటికి బయల్దేరిందో లేదు సార్."

"ఉదయం తొమ్మిదింటికి."

"ఎక్కడుంది సార్?"

వెళ్ళి చూశాను. లేదు. పదకొండేళ్ళుగా చెప్తున్న లెక్క అది. అచ్చులో ఎక్కడో ఆ మాట ఎగిరిపోయింది. నేను ఏటా 'ఉదయం తొమ్మిదింటికి' అని నోటితో చెప్పేస్తున్నాను, పిల్లలు మూడు వందలని రాసేస్తున్నారు, నేను టిక్కు పెట్టేస్తున్నాను. బుకాయించాలని ఒక క్షణం అనిపించిన మాట నిజమే. కానీ ముప్పై ఇద్దరు నా మొహంలోకే చూస్తున్నారు.

"పుస్తకంలో లేదు. నేనే సరిగ్గా చదవలేదు. ఇన్నేళ్ళూ చదవలేదు" అన్నాను, అందరికీ వినపడేలా. తర్వాత ఆ సంగతి మర్చిపోయాను.

రెండు నెలలు గడిచాయి. పెద్ద రోడ్డు అవతల మా యాజమాన్యం కొత్త బిల్డింగు కడుతోందని అందరికీ తెలుసు. ఎవరు వెళ్తారో ఎవరు ఉంటారో తెలియదు. అంతలో ఒక బుధవారం అటెండరు సెలవు పెట్టాడు. టీ వేళకి ఆఫీసు గుమస్తా పిన్ను కొట్టిన రెండు కాగితాలు నా చేతిలో పెట్టాడు.

"మాష్టారూ, పేరెంట్స్ మీటింగ్ కాగితం. మీ వైపు నలుగురి సంతకాలు తీసుకోరా కాస్త?"

పై కాగితం చూశాను. మీటింగు రోజు ఎవరు ఏ గదిలో ఉండాలో పట్టిక. సంతకాల చోటు రెండో కాగితం అడుగున ఉంది. పై కాగితం మడిచి, అడుగున నా సంతకం గీకేసి, వరండా వెంబడి నడిచాను. అరపేజీ టీచరు గుమ్మంలోకే వచ్చింది. ఒక చేతిలో సుద్దముక్క, వెనక నుంచి పిల్లలు పిలుస్తున్నారు.

"పేరెంట్స్ మీటింగ్ కాగితం టీచర్. ఇక్కడో సంతకం పడేయండి" అన్నాను.

నా మొహం చూసింది, నా సంతకం చూసింది, తలుపు చెక్కకి కాగితం ఆనించి నా సంతకం కింద తన సంతకం పెట్టింది. అరనిమిషం కూడా పట్టలేదు.

వారం తర్వాత, గురువారం ఆఖరి పీరియడ్‌లో తల్లిదండ్రులకి పంపాల్సిన సర్క్యులరు కట్టలుగా వచ్చింది. ఆవిడ నోటు పుస్తకాలు సర్దుతూ, పంచమని తాతమ్మకి ఇచ్చింది. అది ఒక పేజీ. కింద చుక్కల గీత, ఆ గీత కింద తల్లిదండ్రుల సంతకానికి చోటు. చుక్కల గీత దగ్గర కత్తిరించి తిరిగి పంపాలి.

పిల్లలకి కాగితం అందితే చాలు, వేళ్ళు దిగుతాయి. అందులోనూ కత్తిరించే ముక్క ఉన్న కాగితం.

"టీచర్, ఈ ముక్క మీరు డబ్బాలో పెట్టడం మర్చిపోయారు" అని తాతమ్మ అంది. గదంతా నవ్వారు, ఇవతల నేను కూడా నవ్వాను.

తర్వాత ఎవరో పైకి చదవడం మొదలుపెట్టారు. వచ్చే ఏడాది నుంచి ఐదో తరగతి కొత్త బిల్డింగులో ఉంటుంది. చదివే పీరియడ్ బదులు కంప్యూటరు మీద అభ్యాసాలు ఉంటాయి. ఇప్పటి క్లాస్ టీచరు పాత బిల్డింగులోనే ఒకటో తరగతి తీసుకుంటారు. ఈ మార్పులకి సంబంధిత ఉపాధ్యాయులందరూ రాతపూర్వకంగా అంగీకరించారు.

"కాదు" అన్నాడు కాదుగాడు. "మీరు ఒప్పుకోలేదు కదా టీచర్?"

ఆవిడ కాగితం ఇమ్మన్నట్టుంది, నాలుగు అడుగుల చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. పదకొండేళ్ళలో గంట కొట్టకముందే ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎరగను. ఆవిడ వేలు పెట్టి చదువుతోందని నాకు అర్థమైంది. 'రాతపూర్వకంగా' అన్న మాట వినగానే మడిచిన కాగితం నాకు గుర్తొచ్చింది.

"నేను కనుక్కుని చెప్తాను. రేపు మాట్లాడుకుందాం" అని ఆవిడ గొంతు వినిపించింది.

సాయంత్రం మార్కుల రిజిస్టర్లు ఇవ్వడానికి నేను పెద్దమేడమ్ గదిలో ఉండగానే ఆవిడ వచ్చింది. పెద్దమేడమ్ చెడ్డ మనిషి కాదు. ఫైలు తీసి చూపించింది. రెండో కాగితం మీద, ఈ మార్పులకి ఒప్పుకుంటున్నామని మూడే వాక్యాలు ఉన్నాయి. అవి చదవడానికి పావు నిమిషం చాలు. కింద నా సంతకం, దాని కింద ఆవిడది.

"ఇది మీదేనా?"

"నాదేనండి."

"మరి?"

"చదవలేదండి."

పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. "పిల్లలకి చదవడం నేర్పే మనిషి మీరు. చదవకుండా సంతకం పెట్టారని నేను పైకెలా రాయను చెప్పండి? ఆ మాట రాస్తే ఐదో తరగతి కాదు, ఒకటో తరగతి కూడా ఇవ్వరు."

"ఐదో తరగతి వదులుకోవడం నాకిష్టం లేదండి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నాకు వచ్చిన పని అదొక్కటే."

"ఫైలు సోమవారం పైకి వెళ్తుంది. ఇంకేదో కాగితమని చెప్పి సంతకం పెట్టించారని ఎవరైనా రాసిస్తే దానికి జత చేస్తాను. అప్పుడు పైవాళ్ళు కూడా ఆలోచిస్తారు. అసలు ఎవరు తెచ్చారీ కాగితం?"

నేను రిజిస్టరు పట్టుకుని అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఏడాదే మా వైస్ ప్రిన్సిపాల్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదేనని అందరూ అనుకుంటున్నారు, అందరికన్నా ముందు మా ఆవిడ అనుకుంటోంది. ఆ పేర్ల జాబితా కూడా ఇదే పెద్దమేడమ్ టేబుల్ మీద ఉంది. చదవని కాగితం మోసుకుంటూ తిరిగి, నలుగురి చేత సంతకాలు పెట్టించిన మనిషికి కుర్చీ ఎవరిస్తారు? నోరు తెరుద్దామనుకున్నాను. రిజిస్టరు అంచులు సర్దుతూ ఉండిపోయాను.

ఆవిడ నా వైపు ఒకసారి చూసింది.

"హడావుడిలో ఉన్నానండి. గుర్తులేదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఇంటికి వెళ్ళాక అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే లెక్కలు దిద్దాలని చెప్పాను. మా ఆవిడకి చెబితే 'గుర్తులేదందిగా, మీకెందుకు' అంటుందని భయం, అంటే నేను ఒప్పుకుంటానేమోనని ఇంకా భయం.

శుక్రవారం రెండో పీరియడ్ నాకు ఖాళీ. కుర్చీ చెక్క పక్కకి లాక్కుని కూర్చున్నాను. అవతల అరపేజీలు పంచుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడే ఒకసారి పైకి చదివింది.

"ఒకావిడ పనిలో ఉంది. గుమ్మంలోకి ఒక కాగితం వచ్చింది. ఇది మీటింగు కాగితం అన్నారు. ఆవిడ చదవకుండా సంతకం పెట్టింది. వారం తర్వాత తెలిసింది, అందులో ఉన్నది తనకి ఇష్టమైన పనిని వదులుకుంటున్నానని. సంతకం మాత్రం ఆవిడదే. ఇప్పుడు ఆవిడ ఏమని చెప్పాలి?"

"ఆవిడ ఎవరు టీచర్?" అని ఎవరో అడిగారు.

"నేనే."

గది సద్దుమణగడానికి కాసేపు పట్టింది. వేలు పెట్టి మాట్లాడండి, నన్ను చూసి కాదు, కాగితం చూసి, అని ఆవిడ చెప్పింది.

ముందు తాతమ్మ అందుకుంది. "సంతకం ఆవిడదే అని ఉంది. కాబట్టి నేను ఒప్పుకోలేదు అంటే అబద్ధం. చదవకుండా అని కూడా ఉంది. కాబట్టి నేను ఒప్పుకున్నాను అన్నా అబద్ధమే."

"అయితే ఏం చెప్పాలి?"

"జరిగింది జరిగినట్టు చెప్పాలి. తిట్లు తినాలి." తాతమ్మ నిట్టూర్పు నాదాకా వినిపించింది.

ఇంకో పిల్ల, టీచర్ మనకి నేర్పినదే టీచర్ చేయలేదు, అది తప్పే అంది. అవును తప్పే అంది ఆవిడ. ఒకడు, పనిలో ఉంది అని మొదటి వాక్యంలోనే ఉంది కాబట్టి సగం తప్పు అన్నాడు. సగం తప్పుకి సంతకం సగమే పెడతారా అని ఇంకొకడు. నవ్వులు. నేను నవ్వలేదు.

"కాదు" అన్నాడు కాదుగాడు. నేను వాడికోసమే ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. "ఇక్కడ, మూడో వాక్యం. ఇది మీటింగు కాగితం అన్నారు. ఎవరన్నారు?"

"అది పేజీలో లేదు."

"పేజీలో లేనిదే ముందు చూడమంటారుగా టీచర్ మీరు."



"చెప్పక్కర్లేదనిపించింది. చెప్తే ఆ మనిషికి ఇబ్బంది" అంది ఆవిడ.

"మరి చెప్పకపోతే మీకు ఇబ్బంది కాదా?"

నా గది నుంచి ఆ గదికి వరండా మీదుగా పట్టుమని పదిహేను అడుగులు ఉంటాయి. ఎలా వెళ్ళానో గుర్తులేదు. గుమ్మంలో నిలబడితే ముప్పై రెండు మొహాలు, ముప్పై రెండు వేళ్ళు కాగితాల మీద. ఆవిడ నన్ను చూసి, వద్దన్నట్టు తల ఊపింది.

"ఆ అన్నది నేను" అన్నాను.

తాతమ్మ చేతులు కట్టుకుంది.

"మీరు చదివి తెచ్చారా సార్?"

"లేదమ్మా."

"చదవకుండా మీటింగు కాగితమని ఎలా చెప్పారు సార్?"

"నాకు ఇంకొకరు చెప్పారు."

"రైలు లెక్కలాగా" అంది, తిట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు.

కాదుగాడు ముందు బెంచీలో పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా అందులో కూర్చుని, వాడి అరపేజీ వెనక నాకు జరిగింది రాశాను. కాగితం ఎవరు ఇచ్చారు, నేనేం చెప్పాను, ఎవరు చదవలేదు. ఎక్కడైనా ఆగితే వాడు 'తర్వాత?' అనేవాడు. పూర్తయ్యాక క్లాసు మొత్తం ఒకసారి చదివింది. నేనూ వేలు పెట్టి చదివాను. ఆ రాతకాగితంతో తిన్నగా పెద్దమేడమ్ గదికి వెళ్ళాను.

పెద్దమేడమ్ చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివింది.

"కుర్చీ సంగతి మీకు తెలుసుగా మాష్టారూ."

"తెలుసండి."

"నిన్న ఇక్కడే ఉన్నారు మీరు."

"ఉన్నానండి."

ఇంకేమీ అనకుండా ఫైలుకి జత చేసింది. నిజానికి అంతకన్నా ఆవిడ తిట్టి ఉంటే నాకు బాగుండేది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. కట్టిన బిల్డింగు కట్టినట్టే ఉంది కాబట్టి ఐదో తరగతి రోడ్డు దాటడం ఆగలేదు. కానీ తల్లిదండ్రుల దగ్గరి నుంచి తిరిగొచ్చిన ముక్కల్లో చాలావాటి మీద సంతకం బదులు ఒకే ప్రశ్న ఉంది, ఈ టీచరు ఎందుకు రావడం లేదని. అరపేజీ పిల్లల ఇళ్ళు మరి. ఆ ముక్కలూ, నా కాగితమూ కలిసి పనిచేశాయి. ఐదో తరగతితో పాటు ఆవిడ కూడా కొత్త బిల్డింగుకి వెళ్ళేలా, చదివే పీరియడ్ ఉండేలా మార్చారు. వైస్ ప్రిన్సిపాల్ కుర్చీలో సైన్సు మాష్టారు కూర్చున్నాడు. మా ఆవిడ ఓ పది రోజులు నాతో మాటలు తగ్గించింది. ఎందుకు చేశారని ఒక్కసారి అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. విని, మర్నాడు ఎప్పటిలాగే నా డబ్బా సర్దింది.

పాత గదిలో ఆవిడ ఆఖరి రోజున సామాను మోయడానికి జిరాక్సాయన వచ్చాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. పందొమ్మిదేళ్ళ అరపేజీలు ఏడు అట్టపెట్టెలు అయ్యాయి. అవి మోస్తుంటే, ఈ సంసారం ఇంత బరువని అప్పుడు తెలీలేదు మాష్టారూ అన్నాడాయన. ఆయన పెట్టె పట్టుకుని బయటికి వెళ్ళాక అడిగాను.

"ఆ రోజు ముక్క చదవలేదు మీరు."

"ఏ రోజు?"

"ఏ రోజో మీకు తెలుసు. దానికి ఆఖరి వాక్యం కత్తిరించారా లేదా?"

"కత్తిరించాను. మీరు గుమ్మంలోకి వచ్చేశారుగా. ఇంక దాని అవసరం రాలేదు."

"ఉందా?"

ఆవిడ దారాల డబ్బా మూత తీసి, అడుగున వెతికి, సన్నటి ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, మిగిలిన పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. ఖాళీ గదిలో నిలబడి దాని మీద వేలు పెట్టి చదివాను.

'కాగితం తెచ్చినాయన ఒకసారి పిల్లల ముందు, నేనే సరిగ్గా చదవలేదని ఒప్పుకోవడం ఆవిడ చెక్క అవతల నుంచి విన్నది, అలాంటి మనిషి తెచ్చిన కాగితాన్ని తను మళ్ళీ చదవక్కర్లేదనుకుంది.'

పదకొండేళ్ళూ ఆవిడ గోల నాకే వినపడుతోందనుకున్నాను. నా పాఠాలు అటు వినపడతాయని ఒక్కసారి కూడా తట్టలేదు. పెద్దమేడమ్ గదిలో ఆవిడ నన్ను చూసిన చూపు ఏమిటో అప్పుడు తెలిసింది. నేను చెప్తానని ఎదురుచూసింది. నేను చెప్పలేదు. అయినా నా పేరు పేజీలో పెట్టలేదు. ఆ చెక్క పక్కనే ఓ బెంచీ మీద కూర్చుండిపోయాను, జిరాక్సాయన వచ్చి, 'గది తాళం వేయాలట మాష్టారూ' అనేదాకా.

ఇప్పుడు ఆ గదిలో బడి బెంచీలు పేర్చి పెట్టారు. అటు నుంచి ఏ చప్పుడూ రాదు, నా భాగహారాలకి అడ్డూ లేదు. నేను కోరుకున్నది అదే కాబట్టి ఎవరికీ ఫిర్యాదు చేయలేను. ఆ ముక్క నా లెక్కల పుస్తకంలో, రైలు లెక్క ఉన్న పేజీలో పెట్టుకున్నాను. అచ్చులో ఆ తప్పు ఇంకా అలాగే ఉంది. ఏటా ఆ పేజీకి వచ్చినప్పుడు, రైలు ఎన్నింటికి బయల్దేరిందో నేను చెప్పను. ఎవరైనా అడిగేదాకా ఆగుతాను.